నా చేప తలకాయ ముక్క

1982 జూలై, ఆదివారం రాత్రి

బాస్ అనే సరస్సు చేపలు పట్టే పోటీలో కప్పు మా బావమరిది ప్రసాదుకు వచ్చింది. పెద్ద చేప పట్టింది మాత్రం నేను. పోటీ పెట్టే ఈ క్లబ్బులో చచ్చిన చేపను లెక్కలోకి తీసుకోరు. తూకం అయ్యాక ప్రాణంతో సరస్సులో వదలాలి. టెక్సాస్ ఎండకు సరస్సు నీళ్లే వేడెక్కి ఉన్నాయి. పడవలో మాకు చెరొక నీళ్ల తొట్టి. ప్రసాదు తన తొట్టిలో కాస్త ఐస్ వేసి మూత పెట్టాడు, మళ్లీ తెరవలేదు. నేనూ ఐస్ వేశాను. కానీ నాదే పెద్దదని వాడికి చూపించాలని మాటిమాటికీ చేపను పైకి తీశాను.

"నీదే పెద్దది బావా, ఒప్పుకున్నా. ఇంక మూతెయ్యి, చచ్చిపోద్ది," అన్నాడు.

వాడికి కుళ్లు అనుకున్నాను. ఇంకోసారి తీసి చూపించాను.

ఒడ్డుకు చేరేసరికి నా చేప వెల్లకిలా తేలింది. వాడిది తోక కొట్టి, తూకం వేసే ఆయన చొక్కా తడిపేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం మా ఆవిడ సరోజ నా చేపనే పులుసు పెట్టింది. ప్రసాదు మారు అన్నం కలుపుకుంటూ, "అక్కా, బావ చేప భలే ఉందే," అన్నాడు.

మా ఇంట్లో తలకాయ ముక్క ఎప్పుడూ నాకే. ఇవాళ సరోజ దాన్ని తమ్ముడి కంచంలో వేసింది. నా వైపు చూడనైనా లేదు.