గంట మోగాక అడిగిన ప్రశ్న

ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు, పాలియేటివ్ కేర్ (నయం కాని రోగుల ఉపశమన సేవ) ఉన్నత నర్సింగ్ కోర్సు చదువుచున్న స్టాఫ్ నర్సు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను పొరపాటున నిజం చెప్పి వచ్చేసిన దర్జీ పెద్దాయనను ఈ పూటే ఒకసారి చూచుటకు అనుమతి కోరుట గురించి.

1. నయం కాని జబ్బుతో ఉన్నవారికి ఆ సంగతి ఎలా చెప్పాలో మా కోర్సులో ఒక పరీక్ష ఉన్నది. దానికి నిజమైన రోగిని పెట్టరు. రోగిగా నటించుటకు రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకరిని పిలుస్తారు. ఆయనను మాకు ముందుగా చూపించరు. బయటి నుండి వచ్చిన పరీక్షాధికారిణి అద్దం అవతల కూర్చుని మార్కులు వేస్తారు.

2. ఆ ఉదయం వార్డులో ఫ్యాను చెడిపోయినందున, ఎవరికీ చెప్పకుండా, దర్జీ పెద్దాయనను పరీక్ష గది మంచం మీదికి మార్చారు. మార్చినదెవరో నాకు తెలియదు. తెలిసినా తగవు పెట్టుకునే ఓపిక లేదు. ఆయనను అంతకుముందు ఎన్నడూ చూడని నేను, నటించే మాస్టారే అనుకుని, మాకు నేర్పినట్టే కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. "నాకు నయమవుతుందా తల్లీ?" అన్నారు. పరీక్షలో రోగి అడగవలసిన మొదటి మాట కూడా అదే.

3. "జబ్బు నయం కాదు బాబాయ్. నొప్పి లేకుండా మాత్రం చూసుకోగలం" అన్నాను. ఆయన దుప్పటి అంచు కుట్లను వేలితో తడుముకున్నారు. అబ్బ, ఎంత బాగా నటిస్తున్నాడు అని మనసులో మెచ్చుకున్నాను. అయ్యా, ఇది రాయకపోయినా అర్జీకి లోటు లేదు. రాయకపోతే నాకు అన్నం సహించదు.

4. అంతలో పరీక్ష ముగిసిన గంట మోగింది. "చివర్లో ఊపిరాడదా తల్లీ? దాని సంగతి ఎవరూ చెప్పట్లేదు" అని ఆయన అడుగుతూనే ఉన్నారు. గంట మోగాక మాట్లాడితే మార్కులు కోస్తారు. "సహకరించినందుకు ధన్యవాదాలు" అని లేచి వచ్చేశాను. వరండాలో ఒకాయన తలకు తువ్వాలు చుట్టుకుని, "టీకి వెళ్లి ఆలస్యమైంది, నా వంతెప్పుడమ్మా?" అన్నారు. డ్రిల్లు మాస్టారు ఆయనే. వెనక్కి పరుగెత్తేసరికి పెద్దాయన కూతురు లోపల ఉన్నది. తలుపు నా ముఖాన వేసింది.

5. నాన్నకు చెప్పవద్దని ఆమె వార్డులో అందరినీ బతిమాలుకున్నది. ఆమె ఫిర్యాదు న్యాయమే. విచారణ ముగిసే వరకు వార్డు గడప తొక్కరాదన్న తమ ఉత్తర్వు కూడా న్యాయమే కావచ్చు. కాని విచారణ వచ్చే నెల. పెద్దాయనకు అంత గడువు లేదని తమకూ తెలుసు, నాకూ తెలుసు, నా పుణ్యమా అని ఆయనకూ తెలుసు. పరీక్షాధికారిణి మొదట నాకే అందరికంటే ఎక్కువ మార్కులు వేసి, తర్వాత కొట్టివేశారట. వాటితో నాకు పని లేదు.

6. ఆయన ఎవరితోనూ మాట్లాడుట లేదని వార్డు ఆయా చెప్పినది. "తగ్గిపోతుంది" అని ఎవరన్నా కళ్లు మూసుకుంటున్నారట. ఆయన అడిగినదానికి జవాబున్నది. ఆయాసానికి మందులున్నాయి, అది వచ్చినప్పుడు పక్కన ఎలా కూర్చోవాలో మాకు నేర్పారు. నయం కాదని నేను చెప్పాను. భయపడనక్కరలేదని ఎవరూ చెప్పలేదు. ఆ ముక్క వినకుండానే ఆయన పోతారేమోనని నాకు భయంగా ఉంది.

కోర్సు నుండి తీసివేసినా మారుమాట చెప్పను. కూతురి ఎదుటనే, కాసేపు ఆయన ఉన్న గదిలోకి పోనిమ్మని వేడుకొనుచున్నాను. ఈ మనవిని తమరు ఈ పూటే చిత్తగించవలెను. రేపు చిత్తగించి ప్రయోజనము లేదు.

తమ విధేయురాలు,
స్టాఫ్ నర్సు (సస్పెన్షనులో ఉన్నది)

తా.క.: తమరు మీటింగులో ఉన్నారని గుమాస్తా గారు అర్జీ తీసుకోలేదు. మీ గది బయట బల్ల మీద కూర్చుని ఉండగా పెద్దాయన కూతురే వెతుక్కుంటూ వచ్చింది. తిట్టడానికే అనుకున్నాను. "ఆయాసం మొదలైందక్కా. నాన్న నన్ను అదే అడుగుతున్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు, మీరు రండి" అన్నది. ఇక అనుమతి కోసం ఆగను. అర్జీ బల్ల మీదే పెట్టి వెళ్తున్నాను. ఉత్తర్వు తెచ్చేవారెవరైనా సరే, తలుపు బయట నిలబడమనండి. ఆయన అడగవలసినవన్నీ అడిగేదాకా నేను లేవను.