శనివారం చెప్పిన సాక్ష్యం

శామీర్‌పేట,
సోమవారం.

చిరంజీవి మహేష్‌కు మీ అన్న జనార్ధన్ రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మనింటి అలవాటు. 'మేమంతా' అనే మాట ఇప్పుడు ఈ ఇంటికి సరిపోదు. నేను క్షేమం. నువ్వు, మరదలు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

నేను ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం పంపావు. చదివాను. నేను చేస్తే నీ పీఏ ఎత్తుతాడు కాబట్టి జవాబు కూడా కాగితం మీదే.

ఆరోగ్యం అడిగావు. బీపీ అదుపులో ఉంది. వంట యమున చేసి పోతోంది. ఆమె కొడుకు మీ వదిన పాఠాలు చెప్పిన బడిలోనే చదువుతున్నాడు. మీ వదిన పెట్టిన కనకాంబరాలు సగం ఎండాయి. "నీళ్లు ఎక్కువ పోస్తున్నవ్ సారూ, ఏర్లు కుళ్లుతయి," అంటుంది యమున. అయినా పొద్దున లేవగానే మగ్గు చేతికి వస్తోంది. ఆ వేళకు ఇంకేం చేయాలో తెలియదు.

బడిలో వదిన పేరు మీద గది కట్టించడానికి ప్రసన్నకుమార్ గారు ముందుకొచ్చారని, రాతి మీద పేరు ఎట్లా చెక్కించాలో చెప్పమని రాశావు. చెక్కించవద్దు. ఆ బడి వెనక ఫ్యాక్టరీ ఆయనది. ఆ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి వచ్చిన విషపు ఆవిరి పీల్చే మీ వదిన మనోరమ పోయింది. పిల్లలందరినీ రోడ్డు మీదికి పంపి, ఎవరైనా మిగిలారేమోనని ఆమె మళ్లీ లోపలికి పోయింది. ఎవరూ మిగల్లేదు. ఆ మాట నాతో ఆసుపత్రిలో తృప్తిగా చెప్పింది. ఆయన కట్టించే గోడ మీద ఆమె పేరు ఉండటానికి వీల్లేదు.

ఫ్యాక్టరీ మీద కేసు ఎందుకన్నా, సాక్షులు ఎవరూ లేరు కదా అని కూడా అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను.

ముందు ఒక సంగతి. డిగ్రీ చదివిన రోజుల్లో నువ్వు మా ఇంట్లో ఉన్నావు. పరీక్షల ముందు నీ పక్కన కూర్చుని ఇంగ్లీషు చెప్పింది మీ వదిన. అమ్మ దినాలప్పుడు క్రైస్తవురాలని ఆమెను వంటింటి గడప దాటనివ్వంది నువ్వు. ఆమె వాకిట్లో కూర్చుని విస్తళ్లు తుడిచింది. నాతో కూడా ఒక్క మాట అనలేదు. ఎమ్మెల్సీవయ్యాక నువ్వే ప్రార్థన కూడికలకు పోవడం మొదలుపెట్టావు. "మా వదిన క్రిస్టియనే బ్రదర్," అని అక్కడ చెప్పుకుంటావని విన్నాను. వినాయక మండపం ముందు నీ ఫ్లెక్సీ కూడా అట్లాగే ఉంది. ఎవరికి మొక్కుతావో నీ ఇష్టం. నాకు పేచీ అక్కడ లేదు.

అల్వాల్‌లో మీ వదిన చర్చికి నేనూ అప్పుడప్పుడు పోయేవాణ్ణి. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు. ఒకసారి ఆమె యమున కొడుకును తప్పు లేకుండా కొట్టింది. ఆదివారం చర్చికి పోతూ ఆటో ఆపించి, వాళ్లింటికి పోయి, ఆ పిల్లవాడికి తన తప్పు చెప్పుకుంది. చర్చికి ఆలస్యమైంది. ముందు దెబ్బ తిన్నవాడికి చెప్పాలి, దేవుడికి తర్వాత చెప్పినా వింటాడు అంది. ఆమె దగ్గర నేను చూసిన మతం అది. నీకు ఇంగ్లీషు వచ్చింది, ఇది రాలేదు.

ఇప్పుడు నీకు తెలియని సంగతి.

మొన్న శనివారం నీ సహవాసపు ప్రార్థన కూడికకు నేను వచ్చాను.

ఫ్యాక్టరీ తనిఖీకి రావలసిన అధికారి ఆవిరి లీకైన రోజు ఎందుకు రాలేదో నీకు తెలిసే ఉంటుందని మా లాయరు సరళ గారు అన్నారు. నీ ఇంటికి పోతే లేవు. ఆఫీసుకు పోతే మీటింగు అన్నారు. శనివారం పొద్దున మాత్రం చెరువు అవతల ప్రసన్నకుమార్ ఫామ్‌హౌస్‌లో ఉంటావని ఊరందరికీ తెలుసు. నీ సాక్ష్యం కోసమని చెప్పి బాలమల్లు ఆటోలో వచ్చాను. గేటు ముందు బండ్లు చూసి అతను దూరంగానే ఆపాడు.

"ఏంది సారూ, అసెంబ్లీ గిట్ల ఈడికి మార్చిండ్రా? ఆ పార్టీ బండి, ఈ పార్టీ బండి ఒకదాని పక్కకొకటి ఉన్నయి. రోడ్డు మీద గీళ్ల జెండాల కోసమేనా మేం తలకాయలు వగలగొట్టుకునేది?"

గేటు దగ్గర తెల్లచీర కట్టుకున్న ఒకామె నిలబడి ఉంది.

"ఎవరి కోసం అంకుల్?"

"మహేష్ సాక్ష్యం కోసం వచ్చిన," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "ప్రైజ్ ద లార్డ్ అంకుల్. మంచి టైముకు వచ్చిండ్రు. బ్రదర్ సాక్ష్యం గిప్పుడే షురూ అయితది. ఫోన్ ఈడ వెట్టి లోపటికి పోండ్రి. లోపట విన్నది లోపటనే ఉండాలె, అది మా నియమం."

నేను కోర్టు సాక్ష్యం మనసులో పెట్టుకుని అన్నాను. దేవుడు తనకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడాన్ని కూడా సాక్ష్యమే అంటారు కదా, ఆమె అదే అనుకుంది. నేను అబద్ధమాడలేదు. ఫోన్ ఇచ్చాను. నియమానికి తల ఊపలేదు. ఆమె గమనించలేదు.

తలుపు పక్కన వెనక వరుసలో కూర్చున్నాను. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. టీవీలో ఒకరినొకరు దొంగ అని తిట్టుకునే ఇద్దరు నాయకులు చేయీ చేయీ పట్టుకుని ఉన్నారు. తనిఖీకి రావలసిన ఆ అధికారి రెండో వరుసలో ఉన్నాడు. తర్వాత నువ్వు లేచావు. కళ్లు మూసుకునే మాట్లాడావు. నువ్వన్న మాటలే రాస్తున్నాను, తప్పుంటే దిద్దు.

"బ్రదర్స్, నా మీద మస్తు భారముండె. ఆ దినం పొద్దుగాల ప్రసన్న బ్రదర్ ఫోన్ జేసిండు. ట్యాంకు కాడ వాసనొస్తాంది, ఇయ్యాల తనిఖీ వద్దన్నడు. బ్రదర్ అడిగితే కాదంటమా? ఆఫీసర్‌కు చెప్పి ఆపిన. మా వదిన పోయింది. నిద్ర లేదు, తిండి లేదు. బ్రదరే వచ్చి నా తల మీద చెయ్యి వెట్టి ప్రార్థన జేసిండు. గా భారమంతా దిగిపోయింది."

స్తోత్రం అన్నారందరూ. ఆ అధికారి కూడా అన్నాడు.

ప్రసన్నకుమార్ లేచి నిన్ను కౌగిలించుకున్నాడు. "దేవుడు క్షమించినదాన్ని ఇగ మనుషులు తవ్వొద్దు బ్రదర్," అన్నాడు. దానికీ స్తోత్రం అన్నారు. నువ్వు ఏడ్చావు. నిజంగానే ఏడ్చావు. అదే నన్ను ఇంకా మండిస్తోంది. దొంగ ఏడుపైతే నీ మీద ఆశ వదులుకునేవాణ్ణి.

మహేష్, నీ భారం ఎక్కడ దించావు? ఆమెను వంటింట్లోకి రానివ్వని నువ్వు, ఆమె చావును పట్టుకుపోయి ఆ హాల్లో చెప్పుకుని తేలికపడ్డావు. నా దగ్గరికి రాలేదు. ఆ బడి పిల్లల తల్లుల దగ్గరికి పోలేదు. చంపినవాడు క్షమాపణ ఇప్పించాడు, నువ్వు పుచ్చుకున్నావు. ఒకరి తప్పు ఇంకొకరికి తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ నోరు తెరవరు. మీరు దాన్ని సహవాసం అంటున్నారు. మీ వదిన దేవుణ్ణి మీ గేటు దగ్గర ఫోన్లతో పాటు బయటే పెట్టించారు.

నిన్ను పిలవకుండానే బయటికి వచ్చాను. బాలమల్లు ఆటో స్టార్ట్ చేస్తూ అడిగాడు.

"మీ తమ్ముని సాక్ష్యం అయిపోయిందా సారూ?"

"అయిపోయింది."

"మరి జడ్జి సారు లోపటనే ఉన్నడా?"

అతను వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు. ఇంటి దాకా ఆ ప్రశ్నే నా చెవుల్లో ఉంది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్నకు జవాబు. సాక్షి ఉన్నాడు. ఈ పొద్దున మేడ్చల్ కోర్టుకు పోయి నేను విన్నదంతా చెప్పాను. సాక్షిగా నీ పేరు రాయించాను. నేను విన్నానంటే వాళ్ల లాయర్లు నన్ను పిచ్చివాణ్ణి చేస్తారు. పెళ్లాం పోయి మతి తప్పిందంటారు. నువ్వు చెబితే అట్లా అనలేరు. రేపు నువ్వు కాదంటే నా మాట పోతుంది, నాకున్న ఒక్క తమ్ముడూ పోతాడు. అది తెలిసే రాయించాను.

సమన్లు వస్తాయి. అక్కడ కొత్తగా ఏమీ చెప్పనక్కర్లేదు. శనివారం చెప్పిందే చెప్పు. స్తోత్రం అనేవాళ్లు ఉండరు. కౌగిలించుకునేవాళ్లు ఉండరు. కళ్లు తెరిచి చెప్పు. వెనక వరుసలో, తలుపు పక్కన నేను కూర్చుని ఉంటాను.

చెప్పాక ఇంటికి రా. వంటింట్లోనే కూర్చుని తిందాం.

ఇట్లు,
నీకు బ్రదర్ కాని
నీ అన్న,
జనార్ధన్