లిమ్ గారి మోహనం

క్లెమెంటి, సింగపూర్
20 సెప్టెంబర్ 2024

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లి తారకు,

అక్క కమల ఆశీస్సులు. మరిదిగారిని అడిగానని చెప్పు. ఇక్కడ అబ్బాయి, కోడలు ఆఫీసులతో సతమతమవుతూనే కులాసాగా ఉన్నారు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఓపిక లేక పిల్లలకు చెప్పే సంగీతం క్లాసు ఆపేస్తున్నానని కబురు పెట్టాను కదా. ఆపలేదు. ఆ సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మా పక్క ఫ్లాట్లోకి లిమ్ గారని ఒక పెద్దాయన వచ్చారు. సాయంత్రాలు ఎర్హూ వాయిస్తారు, చైనావాళ్ళ రెండు తీగల ఫిడేలు. ఒకరోజు వింటే, అచ్చంగా మోహనం. ఈ ఊళ్ళో మన రాగం నేర్చినాయన దొరికాడని సంబరపడి, చేతుల్లో చపాతీ పిండితోనే వెళ్ళి తలుపు కొట్టి, మీ గురువుగారెవరని అడిగాను. ఆయన తెల్లబోయి, ఇది మా తాతలనాటి పాట ఆంటీ, మాకు స్వరాలు ఐదే అని, గోంగ్, షాంగ్, జ్యుయే, జి, యూ అంటూ వేళ్ళమీద చూపించారు. నేనూరుకుంటానా, సరిగపద అని అక్కడే పాడేశాను. రెండూ ఒకటేనని, ఈ ఊరి ఇంగ్లీషులో సేమ్ సేమ్ లా అని నవ్వారు. రిషభానికి గమకం వేస్తే మాత్రం, స్వరం వణుకుతోందేం, చలేస్తోందా అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయనిచ్చిన టీ తాగే వచ్చాను.

అప్పటినుంచి పిల్లలకు మోహనం ఒక్కటే చెబుతున్నాను. ఆయన పక్కన కూర్చుని వాయిస్తారు. మొన్న లాంతర్ల పండగకు మా బ్లాకు కింద పిల్లలూ ఆయనా కలిసి కచేరీ చేశారు. చైనా మామ్మలు తమ పాటే అనుకుని తాళం వేశారు, తప్పు తాళమే అనుకో. మళ్ళీ పాట చెప్పే భాగ్యం ఆయన చలవే. ఎంత కృతజ్ఞత చెప్పినా నాకు తృప్తి కలగడం లేదు.

నీ మేలు కోరే అక్క,
కమల

తా.క.: ఓపిక లేదన్నది అబద్ధం తారా. నాకు చెవులు పోతున్నాయి. మిషన్ పెట్టుకున్నా పక్కపక్క స్వరాలు ఒకటైపోతున్నాయి. క్లాసులో పెద్దపిల్ల అనన్య కల్యాణి పాడితే, ఆ ఒక్క మధ్యమం తేడా తెలియక, శంకరాభరణం బాగా పాడావని మెచ్చుకున్నాను. నా తప్పు దాని మొహం చూసి తెలుసుకున్నాను. ఆ రోజే ఆపేద్దామనుకున్నాను. ఈ ఐదు స్వరాలు మాత్రం ఎడంగా నిలబడతాయి, నాకు విడివిడిగా తెలుస్తాయి. నీ ఫోన్లు ఎత్తనిది కోపంతో కాదు. అందులో నీ గొంతు నీదిలా ఉండదు. ఒకసారి వచ్చి నా ఎదురుగా కూర్చుని మోహనం పాడు. అది ఇంకా వినగలను.