సీసాలో నురగ

ప్రియమైన అక్కా,

ఈ ఉదయం మా ల్యాబ్ మైక్రోస్కోప్‌లో కన్ను ఆనించే అద్దం అంచుకి కాటుక అంటుకుని ఉంది. నేను కాటుక పెట్టుకోను. అంటే కొత్తమ్మాయి నాకంటే ముందే వచ్చి తన కణాలు చూసుకుని వెళ్ళింది.

కోడిపిండం గుండెలోంచి తీసిన కణాలు అవి. సీసాలో కలిపిన పోషకద్రవం గాజుపళ్ళెంలో పోసి పెంచితే వాటంతట అవే కొట్టుకుంటాయి. ఆమెవి తొమ్మిది రోజులుగా కొట్టుకుంటున్నాయి. నావి మూడో రోజుకే ఆగిపోతున్నాయి. నిన్న ల్యాబ్ నడిపే మేడం అందరినీ పిలిచి ఆమెవి చూపించారు. నేనూ వరసలో నిలబడి చూశాను. ఆగిపోతే బాగుండనిపించింది.

వచ్చే నెల నుంచి మా ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటారట.

నీ చెల్లి

చెల్లెమ్మా,

కుళ్ళుకోవడం అయిపోతే కాస్త పని చూడు. ఏడేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో మందుల సరుకు శుద్ధి చేస్తున్నాను. సరుకు పాడైతే మేం మనిషిని కాదు, ముందు పాత్రని చూస్తాం. కడిగిన సీసాలో కాసిని నీళ్ళు పోసి గట్టిగా ఊపు. నురగ వచ్చిందంటే సబ్బు మిగిలినట్టే. మా సరుక్కే గిట్టని సబ్బు నీ కణాలకి గిట్టుతుందా?

ఆ అమ్మాయి సీసాని ఎన్నిసార్లు నీళ్ళతో జాడిస్తుందో అడుగు. నోరు తెరిస్తే నీ సొమ్మేం పోదు. బడిలో పెన్సిల్ అడగలేక ఏడుస్తూ ఇంటికొచ్చిన మొహమేగా నీది!

అక్క

అక్కా,

ధైర్యం కూడగట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. అడిగాను. "అయ్యో, ముందే అడక్కపోయావా!" అంటూ చెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆమె పదిసార్లు జాడిస్తుంది. నేను నాలుగుసార్లు. నా సీసా ఊపితే నురగే నురగ.

ఇప్పుడు నావి ఎనిమిదో రోజు, కొట్టుకుంటున్నాయి. ఆమెవి శనివారం ఆగిపోయాయి, మూడు పళ్ళేల్లోనూ. ఉద్యోగం నాకిచ్చారు.

చెల్లి

బంగారూ,

ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాను. మా సూపర్‌వైజర్ "మీ చెల్లి గుండె డాక్టరా?" అంటాడు. అవునన్నాను, ఏం పోయింది!

ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు. పదిసార్లు జాడించే పిల్ల కణాలు ఒకేసారి ఎలా పోయాయి? మా దగ్గరైతే ఆ వారం పాత్రలు ఎవరు కడిగారని అడుగుతాం. నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు.

అక్క

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ చదువుతున్నాను.

నిన్న ఆమె బల్ల ఖాళీ చేస్తూ, సీసాలు కడిగే తన బ్రష్ నాకిచ్చింది. "నీకు పనికొస్తుంది, ఉంచుకో" అంది. తీసుకున్నాను. తర్వాత మేడం గదికి వెళ్ళి అంతా చెప్పాను. మేడం కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఆ అమ్మాయితో కూడా నువ్వే చెప్పు" అన్నారు. చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నిన్ను కాక ఇంకెవర్ని నమ్మను అప్పుడు?" అంది, అంతే.

ఉద్యోగం ఆమెకే. సోమవారం నుంచి నేను వెళ్ళను.

నీకూ చెప్పాలి. ఆ గురువారం ఆమెకి జ్వరం. సీసాలు కడగమని నాకప్పజెప్పింది. కడిగి, ఊపి చూశాను. నురగ వచ్చింది. అలాగే ఆరబెట్టేశాను.