మ్యాప్‌లో లేని గల్లీ

తాతా, స్వర్గంలో నీ విశ్రాంతికి భంగం కలిగిస్తున్నందుకు శిరసు వంచి క్షమాపణలు.

నువ్వు పోయిన కొన్నాళ్లకే మన పంచాయతీని మున్సిపాలిటీలో కలిపేశారు. పంచాయతీ నీళ్ల ట్యాంకర్ ఆగింది. మున్సిపాలిటీ ట్యాంకరేమో మెయిన్ రోడ్డు మీంచే వెళ్లిపోతోంది. మన గల్లీ కొత్త మ్యాప్‌లో లేదట.

"దిల్‌సుఖ్‌నగర్‌ల గన్ని కోచింగులు తీసుకున్నవు, ఒక్క ట్యాంకర్ ఆపలేవా? మీ తాతైతే ఆపుతుండె," అంది నానమ్మ, ఖాళీ బిందె చూపిస్తూ.

ఇవాళ పొద్దున ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, ట్యాంకర్‌కి అడ్డంగా కూర్చున్నాను.

"జర జరుగు తమ్మీ," అన్నాడు డ్రైవర్.

"మాది మ్యాప్‌ల లేని గల్లీ. నేను నీకెట్ల కనబడుతున్ననన్నా?"

అతను నవ్వలేదు, హారన్ కొట్టాడు.

ఘోరంగా పోరాడానని గల్లీ అంతా చెప్పుకుంటున్నాను. నిజంగా చేసింది ఒక్కటే తాతా: గట్టిగా కళ్లు మూసుకున్నాను. ట్యాంకర్ వెనక నల్లా కింద నానమ్మ పెట్టిన బిందెలో నీళ్లు పడ్డ చప్పుడు వినిపించాకే తెరిచాను.