జానెడు కుట్టు మిగిలింది

ఫిబ్రవరి 3, 2003

పొద్దంతా కల్లంలో మిరప బస్తాల — టిక్కీల — మూతులు కుట్టాను. మిరపకాయల ఎరుపు కళ్ళు మూసుకున్నా పోదు.

ఇంటికొచ్చేసరికి శీను అన్నాడు, "నాన్నా, పుట్టబోయే బిడ్డకి కొన్న పక్క వద్దంట. నువ్వు కుట్టే బొంతే కావాలంట పద్మకి."

తలుపు వెనక గాజుల చప్పుడు. కోడలు వచ్చి రెండేళ్ళు. పది మాటలు మాట్లాడి ఉండను. తల ఊపాను — తలుపుకి కనపడిందో లేదో.

ఫిబ్రవరి 4

మా ఆవిడ ఒప్పుకోలేదు. "కడుపులో ఉండంగానే కుడతారా ఎవరైనా? దిష్టి కాదూ!"

"పాతబట్టలే కదా..."

చాలాసేపు గొణిగి, తనే దారి చెప్పింది. "ఓ మూల జానెడు కుట్టకుండా వదిలెయ్. బిడ్డ పుట్టినాక కుడుదువుగాని."

ఫిబ్రవరి 9

మా ఆవిడ నీలం చీర. నా పంచె. తలుపు సందులోంచి ఒక చేయి జరిపిన పసుప్పచ్చ జాకెట్టు ముక్క.

ఫిబ్రవరి 17

సూది నీలం మీద నడుస్తుంటే గొర్రు సాలులా ఉంది. వెనక ఎవరో విత్తనాలు జారవిడుస్తున్నట్టు... కునుకు పట్టింది. పసుప్పచ్చ చేను, అందులో ఒక బిడ్డ పాకుతోంది. ముఖం ఇటు తిప్పలేదు. వేలికి సూది గుచ్చుకుంటే లేచాను.

మార్చి 5

తొమ్మిదో నెల. ఇరవై రెండున పద్మని పుట్టింటికి, అద్దంకి తీసుకెళతారట, కాన్పుకి. ఈలోపు బొంత కావాలి. కల్లాలు ఇప్పుడే ముమ్మరం. రోజూ ఎవరో ఒకరు పిలుస్తారు. కాదనడం చేతకాదు.

మార్చి 7

బొంతని కల్లానికే తీసుకెళుతున్నాను. అందరూ అన్నాలు తినేటప్పుడు పాకలో కూర్చుని కుడుతున్నాను. పొద్దున దబ్బనం, మధ్యాహ్నం సూది.

మేస్త్రి చూశాడు. "ఏం పెద్దాయనా, ఈ టిక్కీలో ఏ సరుకు నింపుతావ్?"

ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, నేల చూస్తూ.

మార్చి 13

అయిపోయింది. జానెడు తప్ప. మంచం మీద పెట్టి బయటికి వచ్చేశాను.

మార్చి 14

తెల్లారేసరికి లోపల దగ్గు, తుమ్ములు. మా ఆవిడ బొంత విసురుగా తెచ్చి నా ముందు పడేసింది.

"దీని మీద పడుకుంది కోడలు పిల్ల. చేతులు మంటలంట, కళ్ళు మంటలంట. నీకు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడ కుట్టావయ్యా దీన్ని?"

వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. నలభై ఏళ్ళుగా ఆ ఘాటులోనే కదా నా ముక్కు. నీలంలో, తెలుపులో, ప్రతి కుట్టులో మిరప దుమ్ము. పసికందునే దాని మీద పడుకోబెట్టి ఉంటే...



మార్చి 15

మా ఆవిడే ఉతికింది. నా చేతులు ముట్టనివ్వలేదు. తొట్టిలో నీళ్ళు పలచగా ఎర్రబడ్డాయి.

మార్చి 17

మూడో ఉతుకు. కుంకుడు నురగ తెల్లగానే ఉంది. ఘాటు పోయిందో లేదో — ఎవరిని అడగను?

మార్చి 18

బొంత గోడ మీద ఆరుతోంది. మధ్యాహ్నం పడమర నల్లబడింది. మేస్త్రి సైకిల్ మీద వచ్చాడు.

"రా పెద్దాయనా! కాయ తడిస్తే ఆ రైతు ఏమైపోతాడు?"

ఇంట్లో పద్మ ఒక్కతే. మా ఆవిడ, శీను చేలో ఉన్నారు. బొంత తియ్యమని తలుపు దగ్గరికి వెళ్ళి చెప్పాలి. వెళ్ళాను. నోరు రాలేదు. సైకిల్ ఎక్కాను.

చివరి టిక్కీ కుట్టేసరికి చినుకులు. కాయ తడవలేదు. ఇల్లు చేరేసరికి వాన. గోడ మీద బొంత లేదు. వాకిట్లో నిలబడిపోయాను, ఎర్రటి చేతులు ఒంటికి తగలకుండా చాపి.

తలుపు వెనక నుంచి కాదు — పద్మ గుమ్మంలో నిలబడి, బొంత గుండెకి పట్టుకుని.

"నేను తీశాను మామయ్యా. కళ్ళకి అద్దుకుని చూశా. మండలా."

నా చేతులు ఇంకా అలాగే చాపి ఉన్నాయి.

"లోపలికి రండి, తడుస్తున్నారు."

ఇంత మాట నాతో ఎప్పుడూ అనలేదు. చూరునీళ్ళ కింద చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను.

మార్చి 22

బస్సెక్కించాం. కిటికీలోంచి, "ఆ జానెడు ఇంకెవర్నీ కుట్టనివ్వను. మీరే రావాలి మామయ్యా."

బస్సు పోయాక "వస్తానమ్మా" అన్నాను.

ఏప్రిల్ 2

కబురు లేదు.

ఏప్రిల్ 8

మేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఇంకా రెండు కల్లాలు ఉన్నాయట. తల అడ్డంగా ఊపాను. "నువ్వేనా, కాదంటున్నావ్!" అని నవ్వుకుంటూ పోయాడు.

దబ్బనం చూరులో దోపాను. రోజుకి రెండుసార్లు చేతులు కుంకుడుతో కడుగుతున్నాను. నా కళ్ళకే అద్దుకుని చూస్తున్నాను.

ఏప్రిల్ 11

చొక్కా జేబులో చిన్న సూది, నీలం దారం ఎక్కించి ఉంది. అద్దంకి కబురు కొట్టు ఫోన్‌కే రావాలి. అది మోగితే లేచి నిలబడుతున్నాను. మనకి కాదు.

మళ్ళీ మోగుతోంది...