పాప సైకిలు

చెల్లీ,

పాప సైకిలు కోసం మరిదిగారిని పంపొద్దు. కళ్ళముందుంటే ఏడుస్తానని నువ్వంటే, ఇచ్చేయడానికి సరేనన్నాను. "నువ్వు రిటైరయ్యాక సైకిలు నేర్పిస్తానే అమ్మా" అనేది కదా పాప. నేను చేపల షెడ్డులో పని మానేసేసరికి పాపే లేకుండా పోయింది.

నిన్న సైకిలు తుడుస్తుంటే ఎదురింటి పాత పోస్టుమాన్ "ఎక్కండక్కా, నేను పట్టుకుంటా" అన్నాడు. చలి మొదలై సముద్రం రోడ్డు ఖాళీగా ఉంది. గేటు గేటుకీ బెల్లు కొట్టమన్నాడు, ఆయన అలవాటు కదా. ఉత్తరాలొచ్చాయనుకుని ముసలాళ్ళంతా బయటికొచ్చారు! వెనక్కి చూస్తే ఆయన ఎప్పుడో వదిలేశాడు. ఆపడం తెలీక ఇసుకలో పడ్డాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వానే. "పాపకి చెప్పాలి" అనేసి ఏడ్చాను. మళ్ళీ నవ్వాను.

రేపు ఆపడం నేర్పుతాడట. అది వచ్చాక నువ్వు రా, వెనక కూర్చోబెట్టుకుంటాను.

మీ అక్క